ఆపేసినా తింటూనే ఉంటాయి

ఏమండీ, ట్రైలర్ బ్యాటరీ మళ్ళీ దిగిపోయిందటగా? నాకెలా తెలిసిందంటారా? కారు డిక్కీ తెరిచి ఉంది, లోపల పాత బ్యాటరీ కూర్చుని ఉంది, మీరేమో తాళాలు పట్టుకుని కొట్టుకి బయల్దేరుతున్నారు. ఇంకా చెప్పాలా! ఆగండాగండి. అంత తొందరేమిటి? కొట్టు ఎక్కడికీ పోదు. దీనికి ఏమొచ్చిందో కనుక్కోకుండా కొత్తది తెచ్చి బిగించారనుకోండి, అదీ నెల తిరక్కుండా ఇలాగే పడుకుంటుంది. అప్పుడు దాన్నీ తిడతారు. పాపం, బ్యాటరీ ఏం చేసిందండీ?

అందులో ఉన్నదంతా తినేసినవాళ్ళు వేరే ఉన్నారు. ట్రైలర్ లోపలే ఉన్నారు. వాళ్ళని ఒక్కొక్కరినీ పట్టుకోవడం ఉందే, అది భలే సరదా. మీరు నమ్మరు గానీ, నన్నెవరైనా శనివారం పొద్దున్నే పిలిచి "మా ట్రైలర్ బ్యాటరీ నిలవట్లేదండీ" అంటే నాకు పండగే. కాఫీ కూడా పూర్తిగా తాగను. దించండి దాన్ని. అల్లం వేసి టీ పెడతాను. కూర్చుని మాట్లాడుకుందాం.

ముందు మన బళ్ళ సంగతి. హైదరాబాదులో ఉన్న మా పెద్దమ్మ వీడియో కాల్‌లో చూసి "కారుకి ఇల్లు కట్టారేమిట్రా?" అంది. అంతేగా మరి! ఒక మంచం, రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, సింకు, చలేస్తే హీటరు. అన్నీ చక్రాల మీద. ఈ అమెరికాలో ఇలాంటి బళ్ళలో పెద్ద భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. మన ఒహాయో నుంచి పెద్ద దూరం కాదు. ఈ బళ్ళ కోసం అక్కడ ఒక మ్యూజియమే ఉంది. 1930ల నాటి ట్రైలర్లు, చెక్క అరలతో సహా. వెళ్ళకపోతే వెళ్ళి రండి. పిల్లలు "ఇంకా ఎంతసేపు" అంటారు, అననివ్వండి.

స్మోకీ మౌంటెన్స్‌లో ట్రైలర్ బయట పెనం పెట్టి పెసరట్టు వేశారా ఎప్పుడైనా? అల్లం, పచ్చిమిర్చి వాసన అలా చెట్లలోకి పోతుంటే అటు సైటులోవాళ్ళు, ఇటు సైటులోవాళ్ళు ఏదో వంకతో వచ్చి పలకరిస్తారు. ఒకాయన కుక్కని తిప్పుతున్నానని చెప్పి మా ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళాడో. చివరికి పిలిచి ఒకటి పెట్టాం. కుక్కకి కాదు, ఆయనకి.

సరే, సరే, బ్యాటరీ.

ఈ బండిలో కరెంటు రెండు రకాలు. క్యాంపు గ్రౌండులో ప్లగ్గు పెడితే వచ్చేది 120 వోల్టులు. ఏసీ, మైక్రోవేవు దానిమీద నడుస్తాయి. లైట్లు, నీళ్ళ పంపు, హీటరు ఫ్యాను, గ్యాసు మీద నడిచే ఫ్రిజ్‌కి బుర్రలాంటి సర్క్యూట్ బోర్డు, ఇవన్నీ 12 వోల్టుల మీద నడుస్తాయి. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ కన్వర్టర్ అనే డబ్బా 120ని 12 చేసి వీటికిస్తుంది, బ్యాటరీనీ నింపుతుంది. ప్లగ్గు తీశారా, భారమంతా బ్యాటరీ మీదే. మన సబ్‌డివిజన్ రూల్సు తెలుసుగా, డ్రైవ్‌వేలో ట్రైలర్ కనబడితే చాలు, ఇళ్ళ యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏ, ఉత్తరం పంపేస్తుంది. అందుకని ఊరవతల కంకర పరిచిన స్టోరేజీ యార్డులో నెలకింతని కట్టి పెట్టుకుంటాం. అక్కడ కంచె ఉంటుంది, గేటుకి కోడు ఉంటుంది, ప్లగ్గు మాత్రం ఉండదు. బండికి తాళం వేసి, "అన్నీ ఆపేశాం" అనుకుని ఇంటికొచ్చేస్తాం.

అన్నీ ఆపేశారా? నిజంగా? ఏదీ, లెక్క చెప్పండి.

ముందుగా నాకు అందరికంటే ఇష్టమైనదాని గురించి చెబుతాను. మంచం కిందో, సింకు కిందో, నేలకి జానెడు ఎత్తులో గోడకి ఒక చిన్న తెల్ల డబ్బా ఉంటుంది చూడండి. చిన్న పచ్చ దీపం ఉంటుంది. అది గ్యాస్ డిటెక్టర్. ప్రొపేన్ గాలి కంటే బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది. అందుకే దాన్ని అంత కింద పెడతారు. దానికి స్విచ్చి ఉండదు. ప్రాణాలు కాపాడేదానికి స్విచ్చి పెడితే ఎవరో ఒకరు ఆపేస్తారని. పగలూ రాత్రీ, మనం లోపలున్నా లేకపోయినా, ఖాళీ యార్డులో మంచు కురుస్తున్నా, అది వాసన చూస్తూనే ఉంటుంది.

ఎందుకింత తింటుందో తెలుసా? దాని లోపల చిన్న లోహపు ఆక్సైడు పూసిన బిళ్ళ ఉంటుంది, ఎక్కువగా టిన్ ఆక్సైడు. అది వేడిగా ఉంటేనే గ్యాసుని పసిగడుతుంది. గ్యాసు తగలగానే దానిలోంచి కరెంటు తేలిగ్గా పారుతుంది, అలారం మోగుతుంది. ఆ వేడి కోసం బుల్లి హీటరొకటి నిరంతరం నడుస్తూ ఉండాలి. ఈ ఉపాయం కనిపెట్టినది జపాన్ వాడు, నవోయోషి తగూచి, 1962లో. మన ట్రైలర్లో నేల దగ్గర ఆ పచ్చ దీపం కనబడినప్పుడల్లా నాకాయన గుర్తొస్తాడు. ఎక్కడి జపాను, ఎక్కడి ఒహాయో కంకర యార్డు!

ఇప్పుడు లెక్క. ఈ డిటెక్టర్లు మామూలుగా 60 నుంచి 125 మిల్లీయాంపుల దాకా తింటాయి. 100 అనుకోండి, లెక్కకి వీలు. అంటే 0.1 యాంపు. రోజుకి 24 గంటలు, 2.4 యాంప్-అవర్లు. నెలకి 72. మీ బ్యాటరీ మీద "గ్రూప్ 24" అని రాసి ఉంటుంది, అది దాదాపు 80 యాంప్-అవర్లు. అర్థమైందా? మీరు ఏ తప్పూ చేయకపోయినా, ఒక్క దీపమూ వేయకపోయినా, ఆ తెల్ల డబ్బా ఒక్కటే దాదాపు నెలలో దాన్ని ఖాళీ చేసేస్తుంది. సగం దిగేసరికే, అంటే రెండు వారాల చిల్లరకే, మీకు తిప్పలు మొదలు. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కదా!

అదేంటండీ, ముఖం అలా పెట్టారు? నేను చెప్పలేదూ, బ్యాటరీ అమాయకురాలని!

ఇక రేడియో. మీరు ఆపేశారు. అది ఆగలేదు. స్టేషన్లు గుర్తుపెట్టుకోవాలిగా, గడియారం నడవాలిగా. కొన్ని మిల్లీయాంపులు, కొన్ని రేడియోలు ఇంకాస్త ఎక్కువ. టీవీ వెనక గోడకి యాంటెన్నా బూస్టర్ బటన్ ఉంటుంది, పక్కనే చీమ తలంత దీపం. అది వెలుగుతూ ఉందని చాలామందికి ఏళ్ళ తరబడి తెలియదు. టీవీ పక్కకి జరిపితే గానీ కనబడదు మరి. హీటరుకి థర్మోస్టాటు ఒకటి. ఒక్కొక్కటీ చూస్తే చారెడు. అన్నీ కలిస్తే?

డిస్‌కనెక్ట్ స్విచ్చి ఉందిగా అంటారేమో. ఉంది. ఎర్రగా, గుండ్రంగా ఉంటుంది. చక్కగా తిప్పారు. కానీ ఫ్యాక్టరీలో దాన్ని ఎక్కడ బిగించారో చూశారా? చాలా బళ్ళలో గ్యాస్ డిటెక్టర్, ముందున్న జాకీ మోటారు, బ్రేక్‌అవే స్విచ్చి, ఇవన్నీ ఆ స్విచ్చికి ముందే బ్యాటరీకి నేరుగా తగిలించి ఉంటాయి. మీరు స్విచ్చి తిప్పినా వాటికి తెలియనే తెలియదు. ఇందులో ఒక న్యాయమూ ఉంది. బ్రేక్‌అవే స్విచ్చికి ఎప్పుడూ కరెంటు ఉండి తీరాలి.

అదేమిటో చెప్పనివ్వండి, గొప్ప ఏర్పాటు. ట్రైలర్ ముక్కు దగ్గర సన్నటి తీగ ఒకటి, చివర పిన్ను. ఆ తీగని లాగే బండికి తగిలిస్తాం. దారిలో దేవుడి దయవల్ల కాకూడదు గానీ, ట్రైలర్ ఊడిపోయిందనుకోండి. తీగ లాగుకుని పిన్ను ఊడుతుంది, ట్రైలర్ చక్రాల బ్రేకులు వాటంతటవే పడిపోతాయి, దాని సొంత బ్యాటరీతో. ఒక్కో చక్రానికి బ్రేకు అయస్కాంతం మూడేసి యాంపులు లాగుతుంది. నాలుగు చక్రాలు, పన్నెండు యాంపులు. ఇప్పుడు చెప్పండి, యార్డులో ఎవరో పిల్లాడు ఆ పిన్ను పీకి ఆడుకున్నాడు. లేదా "పార్కింగ్ బ్రేకులా పనికొస్తుంది" అని మీ బావమరిదే పీకి పెట్టాడు. సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. బ్రేకు అయస్కాంతాలు వేడెక్కడం దాని మీద అదనం. అందుకే నేను ఎవరి ట్రైలర్ దగ్గరికి వెళ్ళినా ముందు ఆ పిన్ను చూస్తాను. పలకరింపులు తర్వాత.

ఇదంతా విన్నాక కూడా "అయినా నా బ్యాటరీయే పోయిందేమో" అని మీ మనసులో ఉంది. కనబడుతోంది. సరే, దానికీ ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. రాత్రంతా ఛార్జి పెట్టి పూర్తిగా నింపండి. కేబుళ్ళు రెండూ తీసేసి వారం రోజులు గ్యారేజీలో ఉంచండి. దేనికీ తగిలించొద్దు. తర్వాత మీటరు పెట్టి చూడండి. 12.6 వోల్టులకి అటూ ఇటూ నిలిచిందా, బ్యాటరీ మంచిదే. 12.2 అంటే సగం దిగినట్టు. 12 కన్నా కిందికి జారిందా, అప్పుడు కొట్టుకి వెళ్ళండి, నేనే తోడొస్తాను. మంచి బ్యాటరీ వాడకుండా వదిలేస్తే నెలకి దిగేది చాలా కొద్ది, అదీ చలికాలంలో ఇంకా తక్కువ.

ఇలాగే నిరుడు శీతాకాలం ముందు మా తోడల్లుడి ఫోను. "అన్నయ్యా, వారం కాలేదు, మళ్ళీ పడుకుంది." కొత్త బ్యాటరీ. కొనిపించింది సర్వీసువాళ్ళు, "పాతదైంది, మార్చేయండి" అని. ఒక్కడు మీటరు పెట్టి చూసిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండింది. వంద డాలర్ల పైమాట పుచ్చుకున్నవాళ్ళు పది నిమిషాలు వెతకొద్దూ?

వెళ్ళాను. వాళ్ళ ట్రైలర్ ఇంటి వెనకే ఉంది, వాళ్ళ వీధికి హెచ్‌ఓఏ లేదు, అదృష్టవంతులు. చేతిలో ఏముంది? ఒక మల్టీమీటరు, ఒక 10 ఎమ్ఎమ్ స్పానరు, ఒక దళసరి స్వెట్టరు. ఇంకేం అక్కర్లేదు. ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. మీరూ తీయండి. ఉంగరం స్పానరుకీ బ్యాటరీకీ మధ్య పడితే వేలు కాలుతుంది.

ఇక్కడ నెమ్మదిగా వినండి, అసలు పని ఇదే. నెగటివ్ కేబులు తీయాలి. ఎప్పుడైనా తీసేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు చివర నెగటివ్. తీసిన కేబులుకీ బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ మధ్య మీటరు పెట్టాలి. అప్పుడు బండిలోకి పోయే కరెంటంతా మీటరు గుండానే పోవాలి, తప్పించుకునే దారి లేదు. మీటరు ఎర్ర వైరుని 10 యాంపుల రంధ్రంలోకి మార్చాలి. అయిపోయాక మళ్ళీ వోల్టుల రంధ్రంలోకి మార్చడం మాత్రం మరవకండి. ఆ వైరు అక్కడే ఉండగా వోల్టులు చూద్దామని బ్యాటరీ మీద పెడితే నిప్పురవ్వలే. ఇంకోటి, మీటరు అలా ఉన్నంతసేపూ ఎవరూ గోడని బయటికి జరిపే స్లయిడ్-అవుట్ బటనుగానీ, జాకీ బటనుగానీ నొక్కకూడదు. పది యాంపులు ఎప్పుడో దాటిపోతాయి, మీటరు లోపల ఫ్యూజు పోతుంది. అందుకే మా తోడల్లుడి కొడుకుని లోపల కూర్చోబెట్టి చిప్స్ ప్యాకెట్టు ఇచ్చాం.

మీటరు తగిలించగానే వచ్చే అంకెని నమ్మకండి. డిటెక్టర్ నిద్ర లేచి కీచుమంటుంది, వేడెక్కుతుంది, బోర్డులు మేలుకుంటాయి. నాలుగైదు నిమిషాలు ఆగాలి. మేం ఆగాం. చలి. అంకె నిలబడింది. 1.52 యాంపులు.

అబ్బ! నాకెంత సంతోషమేసిందో! ఒకటిన్నర యాంపులంటే ఏ రేడియో కాదు, ఏ డిటెక్టరూ కాదు. పెద్ద తిండిపోతే ఎవరో ఉన్నారు. 80 యాంప్-అవర్ల బ్యాటరీ దాని ముందు రెండు రోజుల చిల్లర నిలబడుతుంది, అంతే. వాళ్ళు వారానికోసారి చూసేవాళ్ళు, చూసేసరికి ఎప్పుడో చచ్చిపోయి ఉండేది.

మా తోడల్లుడు లోపలికెళ్ళాడు, ఫ్యూజు పెట్టె మూత తీశాడు. మోకాళ్ళ మీద కూర్చోవాలి, అది ఎప్పుడూ ఫ్రిజ్ కిందో, మెట్టు పక్కనో, మనిషికి వీలుకాని చోటే ఉంటుంది. ఈ ఫ్యూజుల రంగులు నాకు చాలా ఇష్టం. పది యాంపులది ఎరుపు, పదిహేను నీలం, ఇరవై పసుపు, ముప్ఫై పచ్చ. ఒక్కొక్కటీ పీకడం, బయట నేను అంకె చూసి అరవడం.

"ఎర్రది తీశాను!"

"1.43!"

అంటే 0.09 పోయింది. డిటెక్టర్. పెట్టేయ్.

"నీలం తీశాను!"

"1.49!" రేడియో, 0.03. పెట్టేయ్.

ఇంకో నీలం. మీటరు గబుక్కున కిందికి దూకింది. 0.12.

దొరికింది! అన్నాను గట్టిగా. పక్కింటి కుక్క మొరిగింది.

ఫ్యూజు పీకకుండా చూసే దారి కూడా ఒకటుంది, చెబుతా వినండి, ముచ్చటైన పద్ధతి. ఆ ఫ్యూజు తల మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనబడతాయి. మీటరుని మిల్లీవోల్టులకి మార్చి వాటి మీద రెండు మొనలూ ఆనించండి. కరెంటు పారుతుంటే ఏదో చిన్న అంకె వస్తుంది. పారకపోతే సున్నా. దేన్నీ కదల్చక్కర్లేదు, ఏ బోర్డూ మళ్ళీ మేలుకోదు. వైరు చుట్టూ పట్టే క్లాంప్ మీటరు కొనేవాళ్ళు మాత్రం జాగ్రత్త, చవకవి చాలా ఏసీ కరెంటు మాత్రమే చూస్తాయి. డీసీ యాంపులు చూసేదేనా అని అడిగి కొనండి.

సరే, ఆ నీలం ఫ్యూజు ఎవరిది? మూత మీద "లైట్లు" అని ఉంది. లోపల ఒక్క లైటూ వెలగట్లేదు. బాత్రూములో, మంచం దగ్గర, పొయ్యి పైన, అన్నీ చూశాం. మెట్టు దగ్గరది చూశాం. ఏదీ లేదు. కానీ మీటరు ఒప్పుకోదు. ఫ్యూజు పెడితే 1.52, తీస్తే 0.12. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈశ్వరుడి దగ్గర మల్టీమీటరు లేదు.

పట్టింది మాత్రం మేం కాదు, మా మరదలు. పకోడీల పళ్ళెం తెచ్చి, మేం తలలు గోక్కుంటుంటే, ముందు అరలోంచి మడత కుర్చీ తీయబోయింది, కూర్చుందామని. ట్రైలర్ ముక్కు దగ్గర ఈ పక్క నుంచి ఆ పక్కకి సామాను పెట్టుకునే పెద్ద అర ఉంటుంది కదా, అది. చెయ్యి లోపల పెట్టి ఆగిపోయింది.

"బావగారూ, ఈ అర ఏమిటి వెచ్చగా ఉంది?"

బయట గడ్డ కట్టే చలి. లోపల వెచ్చన. కుర్చీలు, చాప, నీళ్ళ గొట్టం తీసి చూస్తే పైన మూలలో లైటు వెలుగుతోంది. పాత రకం బల్బు, లోపల తీగ ఎర్రగా కాలేది. పక్కనే స్విచ్చి. బండి కుదుపుకి మడత కుర్చీ కాలు జరిగి దాన్ని నొక్కేసింది. తలుపు మూస్తే ఎవరికీ కనబడదు. పగలు తలుపు తీస్తే ఎండలో ఆ వెలుగు తెలియదు, పైగా ముందు చాప అడ్డం. ఆ బల్బు మామూలుగా తినేది 1.4 యాంపులు. లెక్క సరిగ్గా సరిపోయింది! మా మరదలి అరచేయి మీటరు కంటే ముందుంది. ఆ రోజు పకోడీలు ఎంత రుచిగా ఉన్నాయో!

ఎల్‌ఈడీ బల్బు పెట్టించాను, స్విచ్చి మీద చిన్న మూత అతికించాం. తలుపు మూశాక నిజంగా ఆరుతోందా అని మీకెప్పుడైనా అనుమానమొస్తే, ఫోనులో వీడియో రికార్డింగు పెట్టి లోపల పడుకోబెట్టి తలుపు వేయండి. నిమిషం తర్వాత తీసి చూసుకోండి. మా మేనల్లుడైతే ఇంట్లో ఫ్రిజ్‌కీ ఇదే పరీక్ష పెట్టాడు. అది ఆరుతోందట, చింతలేదు.

మిగిలిన 0.12 మాటేమిటంటారు. మంచి ప్రశ్న. అది ఆ బండి మామూలు తిండి. దాన్ని తప్పు పట్టడానికి లేదు. కానీ అది కూడా ఊరికే వదిలేస్తే నెలలోపే బ్యాటరీని తినేస్తుంది. కాబట్టి శీతాకాలానికి బండి పెట్టేసేటప్పుడు నా మాట ఒక్కటే, నెగటివ్ కేబులు పీకేయండి. సోలారు పలక పెడతానంటారు కొందరు. పెట్టండి, వద్దనను. కానీ చిన్న 10 వాట్లది నిండు ఎండలో కూడా 0.6 యాంపు దాటదు. డిసెంబరులో మన ఒహాయో ఆకాశం ఎలా ఉంటుందో చూస్తున్నారుగా, రెండు మూడు గంటల ఎండ దొరికితే గొప్ప. దానితో వచ్చేది డిటెక్టర్ ఒక్కదాని రోజు తిండికే చాలదు. మీ యార్డులో పైన రేకులుంటే అసలు మాట్లాడుకోనక్కర్లేదు.

కేబులు పీకితే ఒక చిక్కుంది, అది మార్చిలో బయటపడుతుంది. కారులో నల్లది నెగటివ్ కదా? మన చేతులకి అదే అలవాటు. చాలా ట్రైలర్లలో నల్లది పాజిటివ్, తెల్లది నెగటివ్. అవునండీ! ఆరు నెలల తర్వాత ఎండ చూసి ఉత్సాహంగా వెళ్ళి నల్లదాన్ని నెగటివ్‌కి బిగిస్తారు. టప్‌మని కన్వర్టర్ దగ్గర పెద్ద ఫ్యూజులు పోతాయి. అవి అందుకోసమే పెట్టారు, మంచివే, కానీ క్యాంపింగ్ మొదటి రోజు వాటి కోసం ఊరంతా తిరగాలి. అందుకని పీకేముందే తెల్ల కేబులు మీద ఎర్ర టేపు కాదు, నల్ల టేపు చుట్టండి. నల్లదాని మీద ఎర్ర టేపు. ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంటికి తెచ్చుకోవడం ఇంకా మంచిది. 20 కిలోల పైమాట, నడుము జాగ్రత్త. ఇక్కడి పెద్దవాళ్ళు "సిమెంటు నేల మీద పెట్టకు, దిగిపోతుంది" అంటారు. అది పూర్వం చెక్క, రబ్బరు పెట్టెల కాలం నాటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకి ఆ భయం లేదు. నిశ్చింతగా కింద పెట్టండి. నెలకోసారి ఛార్జి చూసుకోండి, మంచి ఆటోమేటిక్ ఛార్జరుంటే దానికే తగిలించి వదిలేయండి. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్. ఇంటి దగ్గర ఇన్వర్టరుకి గరాటు పెట్టి పోసిన చేతులు మనవి, మనకొకరు నేర్పాలా!

యార్డులోనే వదిలేసినా సరే, నిండుగా వదిలేయండి. నిండు బ్యాటరీలో యాసిడ్ సున్నాకి 50 డిగ్రీల కింద కూడా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్ళే. మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పెట్టె పగిలిపోతుంది. మన కొలంబస్‌లో జనవరిలో మైనస్ 7 అంటే ఏపాటి చలి? ఖాళీగా ఎక్కువకాలం ఉంచితే ఇంకో బాధ, పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పూర్వపు బలం రాదు. ప్లాంటే అనే ఫ్రెంచాయన 1859లో ఈ సీసపు బ్యాటరీ చేశాడు. అప్పటి నుంచీ సీసం పలకలే, అదే గంధకామ్లం, అదే జబ్బు. లిథియం కొన్నవాళ్ళకి ఈ గడ్డకట్టే బాధ లేదు గానీ, వాటిని సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు. మరీ దిగిపోతే లోపలి రక్షణ సర్క్యూటు తలుపులు మూసేస్తుంది, మీటరు సున్నా చూపిస్తుంది. అది చావు కాదు, ఛార్జి పెడితే చాలావరకు లేస్తుంది.

ఇంకో కప్పు పోయనా?

పోసేలోపు ఒక పని చెబుతాను, చేస్తానని మాటివ్వండి. రేపు శనివారం మీ ట్రైలర్ దగ్గరికి వెళ్దాం. నా మీటరు తెస్తాను. ప్రతి ఫ్యూజుకీ ఎన్ని మిల్లీయాంపులో చూసి, ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపు పెన్సిలుతో రాసేద్దాం, పేరు పక్కనే అంకె. మా తోడల్లుడిది రేడియో 30. ఎల్‌ఈడీ పెట్టాక ఆ అర లైటు వెలిగినా 150 దాటట్లేదు. మీ డిటెక్టర్ వెనక తేదీ కూడా చూద్దాం, ఐదు నుంచి ఏడేళ్ళకి దాని ఆయువు తీరుతుంది, మీ బండి కొన్నదెప్పుడో గుర్తుందా? స్వెట్టరు వేసుకుని రండి. మీ ఆవిడని కూడా రమ్మనండి. మీ ముందు అరలో చెయ్యి పెట్టి చూసేవాళ్ళు ఒకరు కావాలి కదా.